చప్పుడు ఒకచోట, జబ్బు మరోచోట: పాత కారు అడుగున పుట్టే వింత శబ్దం ఎందుకు దొరకదు?

సంక్షిప్తంగా: పాత కార్లలో ఇంజినుకూ చక్రాలకూ మధ్య పుట్టే శబ్దాన్ని అది వినిపించే చోటును బట్టి గుర్తించబోతే చాలాసార్లు దారి తప్పుతుంది. ఆ శబ్దం ఇంజిను వేగాన్ని అనుసరిస్తోందా, బండి వేగాన్ని అనుసరిస్తోందా, మోస్తున్న భారాన్ని బట్టి మారుతోందా అన్నది ముందు తేలాలి. ఇంజినో గేరుబాక్సో మార్చిన బండ్లలో గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని మోసే జాయింట్ షాఫ్టు కోణాలనూ, 2024 వరదలో మునిగిన బండ్లలో బేరింగుల తుప్పునూ ప్రత్యేకంగా అనుమానించాలి. ఏదైనా విప్పడానికి ముందు చేయదగిన పరీక్షల్లో చాలావాటికి పెట్రోలు తప్ప వేరే ఖర్చు లేదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీలదే రాజ్యం. బాడీలు కట్టే షెడ్లు, లేత్ పనివాళ్లు, కమాను కట్టలు సరిచేసే కొలుములు, పాత సామాన్ల దుకాణాలు. వీటి నడుమ అక్కడక్కడ ఒక అంబాసిడరో, పద్మినీయో బానెట్ ఎత్తుకుని కనిపిస్తుంది. తండ్రి కాలం నాటి కారును మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడి, రంగు, సీట్లు, ఇంజిను పని అన్నీ పూర్తి చేయించిన తరువాత మొదటిసారి హైవే ఎక్కినప్పుడే చాలామందికి అసలు చిక్కు ఎదురవుతుంది. వేగం యాభై దాటగానే అడుగు నుంచి ఒక ఊళ. యాక్సిలరేటర్ వదిలితే మాయమవుతుంది, లేదా వదిలితేనే మొదలవుతుంది. ఒక మెకానిక్ డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ నడుమ ఉండి శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) పోయిందంటారు. ఇంకొకరు చక్రం బేరింగు అంటారు. మూడోవారు టైర్ల మీద నెపం పెడతారు. ముగ్గురూ చేయి తిరిగినవారే. ముగ్గురి మాటా విని మూడూ మార్చినా ఊళ మాత్రం అలాగే ఉంటుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

పనివారి నేర్పులో లోపం వల్ల ఇలా జరగడం తక్కువ. అడిగే ప్రశ్న వల్లే ఎక్కువగా జరుగుతుంది. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందని అందరూ అడుగుతారు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందని అడిగేవారు తక్కువ.

చెవి ఎందుకు మోసపోతుంది

అంబాసిడర్, పద్మిని రెండింటికీ ఇంజిను ముందు ఉంటుంది, శక్తి వెనక చక్రాలకు వెళుతుంది. లారీకీ జీపుకూ ఉన్నట్టు వీటికి విడిగా చాసిస్ లేదు. రేకు బాడీయే చట్రం. అందువల్ల వెనక యాక్సిల్‌లో పుట్టిన కంపనం కమాను కట్టల రబ్బరు బుష్షుల మీదుగా నేరుగా బాడీలోకి ఎక్కి, అక్కడి నుంచి తనకు అనువైన రేకును వెతుక్కుంటుంది. డిక్కీ అడుగు ఒక డోలు వంటిది. జాయింట్ షాఫ్టు సాగే సొరంగం ఒక గొట్టం వంటిది. డిఫరెన్షియల్‌లో పుట్టిన హోరు గేరు కర్ర దగ్గర గట్టిగా వినిపించడం, గేరుబాక్సు గరగర వెనక సీటు కింద వినిపించడం ఈ దారుల వల్లే.

కొన్ని శబ్దాలు 55 నుంచి 62 కిలోమీటర్ల మధ్య మాత్రమే వచ్చి, ఆ పైన ఆగిపోతాయి. లోపం ఆ వేగంలో మాత్రమే ఉందని దీనికి అర్థం కాదు. కంపనం అంతటా ఉంటుంది. ఆ వేగంలో దాని పౌనఃపున్యం ఏదో ఒక రేకు సహజ పౌనఃపున్యంతో కలుస్తుంది, రేకు గొంతు కలుపుతుంది. రేకుకు తారు అట్ట అంటిస్తే చప్పుడు తగ్గుతుంది కాని అరిగే బేరింగు అరుగుతూనే ఉంటుంది.

పాత కారును పునరుద్ధరించేటప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. తుప్పు కోసం అడుగున ఉన్న పాత తారు అట్టలు, నార పరుపులు పీకి పారేసి, రేకుకు కొత్త రంగు వేసి, పైన పలచటి మ్యాట్ పరుస్తారు. నలభై ఏళ్లుగా ఉన్న గేరు శబ్దం అప్పుడు మొదటిసారి లోపలికి వినిపిస్తుంది. అది కొత్త లోపం కాదు, పాత లోపానికి తెర తీసినట్టు. గట్టిబడిన పాత బుష్షుల స్థానంలో ఈమధ్య వాడే పాలియురేథేన్ బుష్షులు వేసినా ఇదే ఫలితం. అవి రబ్బరంత మెత్తగా ఉండవు, కంపనాన్ని మింగవు.

ఏ భాగం ఎంత వేగంగా తిరుగుతుంది

శబ్దాన్ని పట్టడానికి నమ్మదగిన ఆధారం లెక్క. అంబాసిడర్ స్థాయి కారుకు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.1 మీటర్లు నడుస్తుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు 8 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్‌లో షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌కు 9 పళ్లు, దానితో కలిసే పెద్ద చక్రం క్రౌన్‌కు 41 పళ్లు ఉన్నాయనుకుంటే, చక్రం ఒక చుట్టు తిరిగేలోగా జాయింట్ షాఫ్టు సుమారు నాలుగున్నర చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 36. ఆ పళ్లు ఒకదానితో ఒకటి కలిసే సంఖ్య సెకనుకు దాదాపు 325.

ఈ నాలుగైదు అంకెల్లో సగం నిర్ధారణ దాగి ఉంది. టైరులో బొడిపె ఉన్నా, బ్రేకు డ్రమ్ము వంకర పోయినా సెకనుకు 8 దెబ్బలు పడతాయి. అది డబడబమనే మోత, దాదాపు వేళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. షాఫ్టు బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటే సెకనుకు 36 కంపనాలు. వాటిని చెవికన్నా ముందు వీపు గుర్తిస్తుంది, అద్దంలో వెనక బండి ముఖం చెదురుతుంది. షాఫ్టు చివర కీలులా వంగనిచ్చే క్రాసు లోపం చుట్టుకు రెండుసార్లు పలుకుతుంది కనుక 72, అంటే బొంగురు హోరు. క్రౌన్, పినియన్ పళ్ల శబ్దం 325 దగ్గర ఒక శ్రుతిలా, నాదస్వరానికి ఇచ్చే శ్రుతి పెట్టె మాదిరి సన్నగా నిలబడి ఉంటుంది. వేగం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. ఫోనులో శబ్దపు పౌనఃపున్యాన్ని గీతలుగా చూపే ఆప్ ఒకటి పెట్టుకుని పక్క సీటులో కూర్చున్నవారు చూస్తే ఈ తేడా అంకెల్లోనే తెలుస్తుంది. దీనికి గొప్ప సంగీత జ్ఞానం అవసరం లేదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నాలుగు గేర్ల పాత కార్లలో నాలుగోది డైరెక్టు గేరు. ఇంజిను ఎంత తిరుగుతుందో జాయింట్ షాఫ్టూ అంతే తిరుగుతుంది. రెండూ సెకనుకు 36 చుట్లే. ఆ గేరులో వచ్చే కంపనం ఇంజినుదా, షాఫ్టుదా అన్నది ఎంత పెద్ద నిపుణుడికైనా తేలదు. అదే 60 వేగంలో మూడో గేరు వేస్తే, దాని నిష్పత్తి ఒకటిన్నర అనుకుంటే, ఇంజిను 54కు ఎక్కుతుంది, షాఫ్టు 36 దగ్గరే ఉంటుంది. శబ్దం ఎవరి వెంట వెళితే దోషి అటువైపు ఉన్నట్టు. పరీక్ష కోసం బండి నడిపే చాలామంది టాప్ గేరులోనే నడిపి వస్తారు. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

నిలబెట్టి ఒకసారి, నడిపి ఒకసారి

మొదటి పరీక్షకు బండి కదలనక్కర్లేదు. ఇంజిను నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో ఉండి, క్లచ్ మీద కాలు లేనప్పుడు గేరుబాక్సు మొదటి షాఫ్టూ, కింద ఉండే లే షాఫ్టూ తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు గరగర వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అనుమానం ఆ రెండింటి బేరింగుల మీదకు పోతుంది. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగు. తొక్కి గేరు వేసి బండిని కదలనివ్వకుండా ఉంచినప్పుడు మాత్రమే కీచుమంటే, క్రాంకు చివర మొదటి షాఫ్టు మూతి కూర్చునే చిన్న బుష్షు ఎండిపోయి ఉండవచ్చు. నిలబడి ఉన్నప్పుడు ఏ చప్పుడూ లేకపోతే గేరుబాక్సుకు పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేం. భారం పడితేనే పలికే బేరింగులు ఉంటాయి.

లే షాఫ్టు విషయంలో డైరెక్టు గేరు ఒక వరం. ఒకటి, రెండు, మూడు గేర్లలో శక్తి అంతా లే షాఫ్టు మీదుగా వెళుతుంది. నాలుగులో దాన్ని దాటేసి తిన్నగా వెళుతుంది. మూడింటిలో రొద చేసి నాలుగులో నోరు మూసుకునే గేరుబాక్సులో లే షాఫ్టు బేరింగు అరిగిందని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్క మూడో గేరులోనే రొద ఉంటే ఆ గేరు పళ్లు చూడాలి. ఐదు గేర్లున్న పెట్టెల్లోనూ సాధారణంగా నాలుగే డైరెక్టు, ఐదోదానికి మళ్లీ లే షాఫ్టు అవసరం.

రోడ్డు పరీక్షకు విజయవాడ భూగోళం బాగా పనికొస్తుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిను చక్రాలను లాగుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజినును తోస్తాయి. ఈ రెండింటికీ మధ్య, మట్టమైన చోట వేగం పెరగకుండా తగ్గకుండా పట్టుకుంటే పళ్లు ఏ వైపూ ఆనకుండా తేలుతుంటాయి. మూడు స్థితులూ ఆ ఒక్క ఫ్లైఓవర్ మీదే దొరుకుతాయి. ఇంద్రకీలాద్రిని ఆనుకుని సాగే కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో బరువు ఒక పక్క చక్రాల మీదకు ఒరుగుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు హోరు పెరిగి, కుడికి తిరిగేటప్పుడు తగ్గితే కుడి చక్రం బేరింగును ముందు చూడాలి. వారధి మీద గోడ పక్కగా అద్దాలు దించి వెళితే గోడ శబ్దాన్ని తిప్పికొడుతుంది, బయట ఎటువైపు మోగుతోందో కొంత తెలుస్తుంది. వాహనాల రద్దీ లేని తెల్లవారుజామున చేస్తేనే ఇవన్నీ క్షేమం.

నడుస్తుండగా గేరు న్యూట్రల్‌కు తీసి, ఇంజినును ఐడిల్‌లో ఉంచి దొర్లనివ్వడం మరో ముఖ్య పరీక్ష. తాళం మాత్రం తీయకూడదు, స్టీరింగు లాక్ పడే ప్రమాదం ఉంది. దొర్లుతున్నప్పుడూ శబ్దం ఏ మార్పూ లేకుండా ఉంటే ఇంజిను, క్లచ్ జాబితా నుంచి పోతాయి. తారు మీద ఒక రకంగా, సిమెంటు మీద మరో రకంగా వినిపిస్తే టైర్లను అనుమానించాలి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడటం అరగంట పని. ఈ అరగంట మిగుల్చుకోబోయి డిఫరెన్షియల్ విప్పించుకున్న బండ్లు కొన్ని కావు.

ఎండ కూడా సాక్ష్యమే. మే నెలలో నలభై దాటిన వేడిలో గుంటూరు బయలుదేరితే, నగరంలో నిశ్శబ్దంగా ఉన్న యాక్సిల్ మంగళగిరి దాటాక పలకడం మొదలుపెట్టవచ్చు. నూనె వేడెక్కి పలచబడినప్పుడు పళ్ల మధ్య పొర సన్నబడుతుంది. చలిలో మాత్రమే వచ్చి, వేడెక్కాక పోయే శబ్దం దీనికి వ్యతిరేకం. చిక్కటి నూనె ఇంకా చేరని బేరింగో, గట్టిబడిన సీలో దానికి కారణం కావచ్చు.

జాయింట్ షాఫ్టు: మార్పులు చేసిన బండ్ల అసలు జబ్బు

ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కారులో క్రాసు అరగడం సాధారణ విషయం. బండి కదిలేటప్పుడు, గేరు మారినప్పుడు టంగుమంటుంది. నెమ్మదిగా వెళుతుంటే పిచుక కూసినట్టు కిచ్, కిచ్ అంటుంది, వేగంతోపాటు ఆ కూత తొందరపడుతుంది. విప్పి చూస్తే కప్పు లోపల సూది బేరింగుల చుట్టూ గ్రీజు బదులు కారప్పొడి రంగు పొడి రాలుతుంది. అది తుప్పు. క్రాసు కాలిని గుడ్డతో తుడిచి గోరుతో గీస్తే, సూదులు కూర్చున్న చోట సన్నటి గాళ్లు వరసగా, గోరుకు తగులుతూ కనిపిస్తాయి. అలాంటి క్రాసుకు ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు. సూదులు ప్రతిసారీ ఆ గాళ్లలోకే జారుకుంటాయి.

యజమాని ముచ్చటపడి మార్పులు చేయించుకునే ప్రాజెక్టు కార్ల కథ వేరు. అంబాసిడర్‌లో పాత పెట్రోలు ఇంజిను తీసి డీజిల్ ఇంజిను, దానితోపాటు వేరే గేరుబాక్సు బిగించడం ఆంధ్ర ప్రాంతంలో ఒకప్పుడు బాగా నడిచిన పని. కొత్త గేరుబాక్సు పొడవు పాతదానితో సరిపోదు. షాఫ్టును లేత్ షెడ్డులో కోసి, పొడవు సరిచేసి, వెల్డింగు చేస్తారు. శబ్దానికి బీజం చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

క్రాసు జాయింటు వంగిన కోణంలో తిరిగేటప్పుడు వేగాన్ని ఉన్నదున్నట్టు అందించదు. ఇటు వైపు నిలకడగా తిరుగుతున్నా, అటు వైపు చుట్టుకు రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు నెమ్మదిస్తుంది. కోణం 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు నూటికి 0.14 వంతే, ఎవరికీ తెలియదు. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర. 60 వేగంలో ఈ కుదుపు సెకనుకు 72 సార్లు యాక్సిల్‌కు తగులుతుంది. అందుకే షాఫ్టుకు రెండు చివరలా జాయింటు పెట్టి, క్రాసును పట్టుకునే రెండు యోకుల చెవులు ఒకే వరసలో ఉండేలా కూర్చుతారు. మొదటిది చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. ఇందుకు రెండు షరతులు. చెవులు ఒకే వరసలో ఉండాలి, గేరుబాక్సు చివరా పినియన్ మూతీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

వెల్డింగులో చెవులు కొద్దిగా పక్కకు తిరిగినా, షాఫ్టు ఒకదానిలో ఒకటి దూరే పళ్ల జోడింపును (స్ప్లైను) విప్పి మళ్లీ దూర్చేటప్పుడు రెండు పళ్లు తప్పినా మొదటి షరతు పోతుంది. ఇంజిను మౌంట్లు కొత్తగా కట్టినప్పుడు గేరుబాక్సు తోక కిందికి వాలినా, వెనక కమాను కట్టకు అదనంగా ఒక ఆకు చేర్చి బండిని ఎత్తు లేపినా రెండో షరతు పోతుంది. ఫలితంగా వచ్చే బొంగురు హోరు అచ్చం డిఫరెన్షియల్ బేరింగు పోయినట్టే ఉంటుంది. షాఫ్టును కొత్తగా బ్యాలెన్స్ చేయించినా తగ్గదు, ఎందుకంటే తప్పు బరువులో లేదు, కోణంలో ఉంది. వడ్రంగి కోణమట్టం ఒకటి, లేదా ఫోనులోని కోణం చూపే ఆప్ ఒకటి చాలు. బండి తన చక్రాల మీదే నిలబడి ఉండగా గేరుబాక్సు ఫ్లాంజి, షాఫ్టు, పినియన్ ఫ్లాంజి మూడింటి వాలును కొలిచి రాసుకుంటే విషయం తేలిపోతుంది. విప్పే ముందు రెండు చెవుల మీదా సుద్దతో గీత గీసుకోవడం పాత మేస్త్రీల అలవాటు. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు.

క్రౌన్, పినియన్ ఊళ

లాగేటప్పుడు మాత్రమే వచ్చే సన్నని ఊళ, తోసేటప్పుడు మాత్రమే వచ్చే ఊళ ఒకటి కావు. ప్రతి పంటికీ రెండు ముఖాలు. ఇంజిను లాగుతున్నప్పుడు ఒక ముఖం, వదిలినప్పుడు రెండోది ఆనుతుంది. సాధారణంగా మొదటిదే ఎక్కువ అరుగుతుంది. కాని యాక్సిలరేటర్ వదిలిన క్షణంలోనో, తేలుతున్నప్పుడో హోరు పుడితే పళ్లకన్నా ముందు పినియన్ బేరింగును, దాని ముందున్న ఫ్లాంజి నట్టును చూడాలి. బిగువు పోయిన పినియన్ ముందుకూ వెనక్కూ జరుగుతూ, భారం మారినప్పుడల్లా క్రౌన్‌తో కొత్త చోట కలుస్తుంది. ఆయిల్ సీలు మార్చేటప్పుడు ఆ నట్టును ఇష్టం వచ్చినంత బిగించడం ఈ తంటాకు తరచు కారణం. అది బేరింగు బిగువును నిర్ణయించే నట్టు. మలుపుల్లో మాత్రమే పలికే శబ్దం డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లది. తిన్నగా వెళుతున్నప్పుడు అవి ఒకదాని మీద ఒకటి తిరగవు.

పళ్ల కలయిక సరిగ్గా ఉందో లేదో చెవి చెప్పలేదు, రంగు చెబుతుంది. కొన్ని పళ్లకు నీలిరంగు మార్కింగు పేస్టు పూసి, చక్రాన్ని కాస్త బ్రేకు పట్టి తిప్పితే రంగు చెరిగిన మచ్చ కనిపిస్తుంది. అది పంటి నడుమ ఉండాలి. పంటి అడుగుకో అంచుకో పోతే పినియన్ వెనక ఉన్న షిమ్ము (పలచటి లోహపు బిళ్ల) మందం మార్చాలి. పళ్ల మధ్య ఆట సాధారణంగా మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులే. చేత్తో ఊపి ఇంతే ఉందని చెప్పేవారున్నారు, డయల్ గేజి పెట్టి చెప్పేవారి మాట నమ్మడం మేలు.

బుడమేరు తరువాత

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వంటి పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. మునిగిన బండ్లకు ఇంజిను నూనె, వైరింగు, సీట్లు చూసుకున్నవారు చాలామంది. యాక్సిల్ నూనె సంగతి గుర్తొచ్చినవారు తక్కువే అయి ఉంటారు, ఎందుకంటే వెంటనే ఏ చప్పుడూ రాదు.

యాక్సిల్ పైన గాలి ఆడటానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ రంధ్రం నుంచీ, సీళ్ల అంచుల నుంచీ నీటిని పీల్చుకుంటుంది. సీలు పెదవి నూనెను బయటికి పోనివ్వకుండా ఆపే దిశలో ఉంటుంది కాని లోపలికి వచ్చే నీటిని అంత గట్టిగా ఆపదు. నిలబడిన చోట నీరు అడుక్కు చేరుతుంది, నూనె పైకి తేలుతుంది. బేరింగు రోలర్లు రింగుకు ఆనిన చోటల్లా తడి నిలిచి, రోలరుకు రోలరుకు మధ్య ఉన్నంత ఎడంతో తుప్పు గీతలు పడతాయి. అప్పటికి అవి చర్మం మీది గీతలంత పైపైనే ఉంటాయి. నెలలు నడిచాక ఆ గీతల అంచులు పెచ్చులూడుతాయి. వరదను మరిచిపోయిన తరువాత ఎప్పుడో హోరు మొదలవుతుంది, దానికీ వరదకూ సంబంధం ఉందని తోచదు.

వరద సోకకపోయినా ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన కారుదీ ఇంచుమించు ఇదే గతి. క్రౌన్ చక్రంలో నూనెలో మునిగి ఉన్న భాగం నిగనిగలాడుతుంది. పైన గాలికి ఉన్న భాగం తేమకు మచ్చబడుతుంది. అలాంటి బండిలో ఊళ ఒకే తీరున ఉండదు. చక్రం చుట్టుకొకసారి, ఊయల ఊగినట్టు, హెచ్చి తగ్గుతుంది. నెలకొకసారి బండిని తోసి చక్రాలను కొన్ని చుట్లు తిప్పితే చాలు, పళ్లన్నీ నూనెలో మునిగి లేస్తాయి.

తీసిన నూనె ఏం చెబుతుంది

ఏ భాగం విప్పాలన్నా ముందు గేరుబాక్సు, యాక్సిల్ నూనెలను విడివిడిగా తెల్లటి పళ్లెంలోకి తీసి ఎండలో చూడాలి. పాల టీ రంగు ఉంటే నీరు కలిసినట్టు. వేలితో రుద్దితే బూడిద రంగు మెత్తటి లేపనంలా ఉన్నది మామూలు అరుగుదల. గోరు మీద మెరిసే పెచ్చులు, సూది మొనల్లాంటి ముక్కలు కనిపిస్తే బేరింగో పన్నో విరుగుతోంది. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపులు గేరుబాక్సులో కనిపిస్తే అవి గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రో రింగుల ఇత్తడి రజను.

ఈ చివరిదానికి కొన్నిసార్లు నూనె కూడా కారణమే. యాక్సిల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ కలుస్తాయి కనుక గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఎక్కువగా ఉన్న జీఎల్-5 తరగతి నూనె వాటికి మంచిది. కొన్ని జీఎల్-5 నూనెల్లోని ఆ సమ్మేళనాలే గేరుబాక్సులోని ఇత్తడిని తినగలవు. అక్కడ జీఎల్-4 లేదా యజమాని చేతిపుస్తకంలో రాసిన నూనె పోయాలి. ఒకే డబ్బాలోంచి రెండింటికీ పోసేయడం సులువు. సింక్రోలు పోవడమూ అంతే సులువు.

హోరున్న యాక్సిల్‌లో మరింత చిక్కటి నూనె పోసి, లేదా రంపపు పొట్టు కలిపి, అమ్మకం దాకా నెట్టుకొచ్చే పాత కిటుకు ఒకటుంది. కొనేవారు నూనె బిరడా విప్పి ఒక వేలు పెట్టి చూస్తే చాలు, అది బయటపడుతుంది.

జాకీ మీద లేపి తిప్పితే వచ్చే పొరపాట్లు

బండిని లేపి, ఇంజిను నడిపి, పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి ఒక్కో బేరింగునూ వినడం షెడ్లలో అందరూ చేసేదే. పద్ధతి మంచిదే కాని మూడు చోట్ల మోసం చేస్తుంది. ఒక చక్రాన్ని మాత్రమే లేపితే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది. స్పీడోమీటరు 40 చూపుతుంటే చక్రం 80 మీద ఉంటుంది, చిన్న గేర్లు మామూలుగా ఎన్నడూ తిరగనంతగా తిరుగుతాయి. బాడీని లేపి యాక్సిల్‌ను వేలాడదీస్తే షాఫ్టు కోణం బాగా పెరుగుతుంది, లేని క్రాసు శబ్దం పుడుతుంది. యాక్సిల్ కిందే రెండు పక్కలా స్టాండ్లు పెట్టాలి. భారం లేకుండా తిరిగే పళ్లు, రోలర్లు రోడ్డు మీద చేసిన అల్లరి ఇక్కడ చేయకపోవచ్చు. జాకీ మీద నిశ్శబ్దంగా ఉందని ఏ భాగాన్నీ వదిలేయలేం. ఒట్టి జాకీ మీద నిలిపి ఇంజిను నడపడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

ముందు చక్రాల కార్లలో

2014తో తయారీ ఆగిన మారుతి 800 కూడా ఇప్పుడు ప్రాజెక్టు కార్ల జాబితాలో చేరుతోంది. దానికి పొడవాటి షాఫ్టు లేదు, జారుతూ కలిసే హైపాయిడ్ పళ్లు లేవు, డైరెక్టు గేరు లేదు. ప్రతి గేరులోనూ శక్తి ఒక జత పళ్ల మీదుగానే వెళుతుంది కనుక పైన చెప్పిన లే షాఫ్టు పరీక్ష ఇక్కడ పనికిరాదు. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటకమంటే ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు బయటి చివరి కీలు, అంటే బయటి సీవీ జాయింటు. తిన్నగా వేగం అందుకునేటప్పుడు ముందు భాగం వణికితే లోపలి జాయింటు. చిరిగిన రబ్బరు బూటు, చక్రం లోపలి వైపు చిమ్మిన గ్రీజు చూస్తే చాలావరకు వినకుండానే తెలిసిపోతుంది.

విప్పే వరస, దొరికే సామాను

ఆటోనగర్‌లో అనుకూలతా ఉంది, ప్రలోభమూ ఉంది. కావలసిన భాగం ఏదో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరుకుతుంది కనుక పరీక్ష కన్నా మార్పిడి సులువుగా తోస్తుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, పద్మినిది అంతకు చాలా ముందే ఆగింది. ఫ్యాక్టరీ సామాను రోజురోజుకూ తగ్గుతోంది. అరగని భాగాన్ని పీకి, ఎక్కడిదో తెలియని భాగాన్ని వేయడం ఇప్పుడు రెండు విధాల నష్టం. నూనె, టైర్ల మార్పిడి, మౌంట్లు, సైలెన్సరు గొట్టం ఎక్కడైనా బాడీకి తగులుతోందా అన్న తనిఖీ ముందు వస్తాయి. ఆ తరువాత క్రాసులు, కోణాలు. ఆ పైన చక్రం బేరింగులు. గేరుబాక్సు, డిఫరెన్షియల్ చివరన.

చివరి మెట్టు దాకా వెళ్లక తప్పనివారికి ఒక జాగ్రత్త. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగానే నూరుకుని, జతగానే బయటికి వస్తాయి. రెండింటి మీదా సాధారణంగా ఒకే జత సంఖ్య చెక్కి ఉంటుంది. ఒక కారు క్రౌన్‌నూ, ఇంకో కారు పినియన్‌నూ కలిపి బిగిస్తే పళ్ల లెక్క సరిపోయినా ఊళ పోదు, ఏ షిమ్మూ దాన్ని మాన్పలేదు. దుకాణంలో భాగాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు మసి తుడిచి ముందుగా చూడవలసింది ఆ సంఖ్యనే. జత కుదిరితే దానితోపాటు వచ్చిన షిమ్ములను కూడా అడిగి, ఏది ఏ వైపుదో దారం కట్టి, విడిగా పెట్టించుకోవాలి.